నీళ్ళు కట్టేసిన నెలల్లోనే పని: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కొల్లేటి పక్షుల మీద ఈ శీర్షికలో రాసిన తరువాత మాకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పక్షుల గురించి కాక, ఎక్కడినుంచో వచ్చి మన కాలువల్లోనూ చెరువుల్లోనూ తిష్ఠ వేసిన జీవుల గురించే ఉన్నాయి. వాటిలో ఆరింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము. ఉత్తరాలు రాసినవారి పేర్లు వేయలేదు.

ప్రశ్న: నాకు ఆకివీడు దగ్గర ఏడెకరాల చేపల చెరువు ఉన్నది. బొచ్చె, శీలావతి వేస్తాను. ఈసారి పట్టుబడికి వల లాగితే అడుగున కుప్పగా దెయ్యం చేపలు వచ్చాయి, వల రెండుచోట్ల చిరిగింది. కూలీలు వాటిని ఏరి గట్టు మీదికి విసిరేశారు. తెల్లవారి చూస్తే కొన్ని ఇంకా కదులుతూనే ఉన్నాయి, కొన్ని పక్కనున్న డ్రెయిన్ వైపు పాకినట్టు బురదలో చారలు కనబడ్డాయి. ఇవి మా చెరువులోకి ఎలా వచ్చాయి? మందు వేసి చంపవచ్చా? తినడానికి పనికివస్తాయా?

జవాబు: దెయ్యం చేప సొంత ఊరు దక్షిణ అమెరికా నదులు. అద్దాల తొట్టెల్లో పేరుకునే పాచిని తింటుందని అలంకార చేపల వ్యాపారులు దీనిని తెప్పించారు, దుకాణాల్లో ఇప్పటికీ ట్యాంక్ క్లీనర్ అన్న పేరుతోనే అమ్ముతారు. కొన్నప్పుడు వేలెడంత ఉంటుంది, పెరిగి మూరెడు దాటేసరికి తొట్టె చాలదు. చంపడానికి మనసొప్పని ఇంటివారు పుణ్యమని తలచి దానిని కాలువలో వదులుతారు. మన దేశపు నదుల్లో దీని కథ చాలావరకు అలా మొదలైనదే.

కాలువలోకి చేరిన చేప మీ చెరువులోకి రావడానికి మూడు దారులు ఉన్నాయి. తూము దగ్గర జాలీ లేకుండా నీరు పెట్టుకోవడం ఒకటి, చేపపిల్లల్లో కలిసి రావడం రెండవది, వరద మూడవది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు పోయినప్పుడు లంకలన్నీ మునిగాయి. అటువంటి వరదలో ఏ చెరువు చేప ఏ చెరువుకు చేరిందో చెప్పగలవారు లేరు. డెల్టాలో నీరంతా ఒకదానితో ఒకటి కలిసే ఉంటుంది. కాలువ బోదెలోకి, బోదె చేలోకి, చేను మురుగు కాలువలోకి, మురుగు కాలువ కొల్లేటిలోకో సముద్రంలోకో పోతుంది. కాబట్టి ఈ చేపను డెల్టా నుంచి పూర్తిగా నిర్మూలిస్తామని ఎవరైనా చెబితే నేను నమ్మను. మీ చెరువు వరకు అడ్డుకోవడం మాత్రం సాధ్యమే.

గట్టు మీద పడవేసిన చేపలు తెల్లవారేదాకా బతికి ఉండడంలో వింత లేదు. ఇది నీటిపైకి వచ్చి గాలి మింగి, పొట్ట గోడల ద్వారా ప్రాణవాయువును తీసుకోగలదు, ఒళ్ళు తడిగా ఉంటే నీరు లేకుండా గంటల తరబడి బతుకుతుంది. అందుకే గట్టుకు విసిరేయడమంటే చాలాసార్లు పక్క డ్రెయిన్‌లో వదలడమే అవుతుంది. పట్టుబడి రోజున వీటికోసం వేరుగా ఒక డ్రమ్ము పెట్టించండి. ఒక్కొక్కదానికి తలమీద గట్టి దెబ్బ వేసి ప్రాణం తీసిన తరువాతే, నీరు ఎక్కని మెరకలో గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. మొప్పల పక్కనున్న ముళ్ళు గట్టివి, చేతికి మందపాటి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు.

ఇది తక్కిన చేపలను వేటాడి తినేది కాదని, కాబట్టి భయం లేదని కొందరు వాదిస్తారు. వాదన సగమే నిజం. ఇది తినేది నీటి అడుగున ఉండే పాచి, కుళ్ళు, సన్నని పురుగులు. మోసు వంటి అడుగుచేపలకు ఆధారం అదే మేత. దానికి తోడు అడుగున అంటిపెట్టుకొని ఉన్న ఇతర చేపల గుడ్లు కూడా ఆ పాచితో పాటు పోతాయి. దీనికి మాత్రం పైనున్న ఎముకల కవచం వల్ల తినేవాళ్ళు తక్కువ. ప్యూర్టోరికో దీవిలో ఈ చేపలను మింగబోయి, ముళ్ళు గొంతులో అడ్డుపడి గూడబాతులు చనిపోయిన సంఘటనలు నమోదయ్యాయి. కొల్లేటి పక్షుల కేంద్రమైన ఆటపాకలో గూడబాతులను చూసి మురిసేవారందరూ ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

రైతుకు దీనివల్ల నేరుగా కలిగే నష్టం గట్లది. మగచేప నీటిమట్టానికి కాస్త దిగువన గట్టులోకి మీటరు వరకు బొరియ తవ్వి, అందులో ఆడచేప పెట్టిన గుడ్లకు తానే కాపలా ఉంటుంది. చెరువు ఎండగట్టినప్పుడు గట్టు వెంట నడిచి చూడండి. పీత బొరియ గుండ్రంగా, చిన్నదిగా ఉండి మూతి దగ్గర తవ్విన మట్టి ఉండలు కనబడతాయి. దీని బొరియ చేయి పట్టేంత వెడల్పుగా, వరుసలో నాలుగైదు పక్కపక్కనే ఉంటాయి. ఒక్కొక్కదానిని పారతో తవ్వి, లోపల నారింజరంగు గుడ్ల ముద్ద ఉంటే తీసివేసి, మట్టి దట్టించి దిమ్మిస కొట్టించండి.

మందు విషయానికి వస్తే, కలుపు చేపలను చంపడానికి ఇప్పపిండి వాడడం మన రైతులకు కొత్త కాదు. ఎకరాకు మీటరు లోతు నీటికి సుమారు 1,000 కిలోలు వేస్తారు, దాని విషం రెండు మూడు వారాలు ఉండి తరువాత ఎరువుగా మారుతుంది. అయితే గాలి పీల్చగలిగే చేపల మీద ఒక్క ఇప్పపిండినే నమ్ముకోకూడదు. చెరువును పగుళ్ళు తేలేదాకా ఎండబెట్టడమే దీనికి అసలైన మందు. ఇప్పపిండి వేసిన నీటిని ఆ మూడు వారాల లోపల డ్రెయిన్‌లోకి వదిలితే అక్కడి పరిగలూ గొరకలూ చస్తాయి. మన చేపలను కాపాడదామని మొదలుపెట్టిన పని వాటికే ఎసరు పెట్టకూడదు.

కొత్త పిల్లను దించే ముందు తెల్లని బేసిన్‌లో కొంచెం నీరు పోసి గుప్పెడు పిల్లను వదిలి చూడండి. బొచ్చె, శీలావతి పిల్లలు ఈదుతూనే ఉంటాయి. దెయ్యం చేప పిల్ల నోటితో బేసిన్ గోడకు అంటుకొని ఉండిపోతుంది, నీరు కదిపినా ఊడదు. ఈ పరీక్షకు అయిదు నిమిషాలు చాలు, కాని పిల్లల బండి వచ్చిన తొందరలో ఎవరూ ఆ అయిదు నిమిషాలు ఆగరు.

మీ ఒక్కరి చెరువుతో తీరని పని ఒకటి మిగులుతుంది. ఏటా వేసవిలో, సాధారణంగా ఏప్రిల్ నుంచి జూన్ మొదటి రోజుల వరకు, మరమ్మతుల కోసం డెల్టా కాలువలకు నీళ్ళు కట్టేస్తారు. అప్పుడు లాకుల కింద, వంతెనల కింద, తూముల ముందు మడుగులు మాత్రమే మిగులుతాయి, చేపలన్నీ అక్కడికే చేరతాయి. ఊరివాళ్ళు ఎలాగూ ఆ మడుగుల్లో చేపలు పడతారు, పట్టి దెయ్యం చేపలను మాత్రం తిరిగి నీళ్ళలోకి విసురుతారు. నీటి సంఘం, మత్స్యకార సొసైటీ కలిసి ఆ ఏడెనిమిది వారాల్లో వాటిని ఏరి పూడ్చే ఏర్పాటు చేస్తే, తక్కిన పది నెలలు పడే శ్రమకంటే అది ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఏ నీటిలో ఈ చేప ఉన్నదో చేపను చూడకుండానే, నీటి నమూనాలో మిగిలిన డీఎన్‌ఏను బట్టి కనిపెట్టే పద్ధతిని హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు తీర్చిదిద్దారు. ఏ మడుగుతో మొదలుపెట్టాలో నిర్ణయించడానికి ఇటువంటిది ఎంతో ఉపయోగం.

తినడం గురించి: దీని మాంసం విషం కాదు, దక్షిణ అమెరికాలో తింటారు. కాని కవచం పోగా మిగిలేది స్వల్పం. అడుగు బురదలో మేసేది కాబట్టి మురుగు కాలువల్లో పట్టినదానిని తినవద్దనే నా సలహా.

ప్రశ్న: కడియం దగ్గర మాకు చిన్న నర్సరీ ఉన్నది. వానలు మొదలవగానే రాత్రిపూట కుండీల మీదికి పెద్ద పెద్ద నత్తలు ఎక్కి లేత ఆకులు కొరికేస్తున్నాయి. ఉప్పు చల్లితే నత్తలు చస్తున్నాయి గాని మొక్కలు కూడా మాడిపోతున్నాయి. వేరే దారి ఉంటే చెప్పగలరు.

జవాబు: మీరు చెప్పినది ఆఫ్రికా రాక్షసి నత్త కావచ్చు. తూర్పు ఆఫ్రికాకు చెందిన ఈ నత్తను మారిషస్ నుంచి కలకత్తాకు 1847లో ఒక ఆంగ్లేయుడు తెచ్చి తోటలో వదిలాడు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టిన సంవత్సరమూ అదే. ఆనకట్ట కట్టడానికి అయిదేళ్ళు పట్టింది, ఆ నత్తను వదిలించుకోవడం నేటికీ కుదరలేదు.

ముందుగా చంపబోయేది ఏదో చూసుకోండి. ఆఫ్రికా నత్త చిప్ప పొడుగ్గా, మొన తేలి, గోధుమరంగు చారలతో ఉంటుంది, నేలమీద తిరుగుతుంది, నోటికి మూత ఉండదు. మన చేలల్లోని నత్తగుల్ల గుండ్రంగా ఉండి, లోపలికి ముడుచుకున్నప్పుడు గట్టి మూతతో నోరు బిగించుకుంటుంది. ముక్కు మధ్య సందు ఉండే నత్తగుల్ల కొంగ బతికేది ప్రధానంగా ఈ గుల్లల మీదనే, కాబట్టి వరిచేలో కనబడిన ప్రతి నత్తనూ శత్రువుగా ఎంచకండి.

ఉప్పును మొక్కల మీద చల్లకుండా బకెట్టు నీటిలో చిక్కగా కలపండి. సాయంత్రం గోనెసంచులను తడిపి, వాటి కింద బొప్పాయి ఆకులో క్యాబేజీ ఆకులో పరిచి, నర్సరీ అంచుల వెంట అక్కడక్కడ వేయండి. తెల్లవారుజామున సంచులు ఎత్తితే నత్తలు కిందనే గుంపుగా ఉంటాయి. చేతికి తొడుగులు వేసుకొని ఏరి ఉప్పునీటిలో వేసి, చచ్చిన తరువాత గోతిలో పూడ్చండి. ఈ నత్తల్లో మెదడుకు వాపు తెచ్చే ఒక నులిపురుగు ఉండే అవకాశం ఉన్నది కాబట్టి తొడుగుల విషయంలో అశ్రద్ధ కూడదు, పిల్లల చేత ఏరించకూడదు. మెటాల్డిహైడ్ గుళికలు పనిచేస్తాయి గాని, వాటిని తిన్న కుక్కలు చనిపోతాయి. ఆ గుళికలను చెరువు పక్కన అసలు వాడవద్దు.

ఒక్కో విడతకు వందకు పైగా గుడ్లు పెడుతుంది, అవి పెసరగింజంత పరిమాణంలో లేత పసుపుగా, కుండీ మట్టిలో వేలు లోతున ఉంటాయి. కడియం మొక్కలు లారీలకెక్కి ఎన్ని రాష్ట్రాలకు పోతాయో మీకే తెలుసు. లారీకి ఎక్కించే ముందు కుండీ అడుగు రంధ్రాన్ని, మట్టి పై పొరను చూసి పంపడం మీ చేతిలోని పని.

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పంచాయతీ. దోమల కోసం ఊర చెరువులో గంబూసియా చేపలు వదులుదామని తీర్మానం చేయబోతున్నాము. వార్డు సభ్యుడొకరు ఆ చేప మంచిది కాదని అడ్డు చెబుతున్నారు. ఎవరి మాట సరైనది?

జవాబు: మీ వార్డు సభ్యుడి మాటే. గంబూసియా అమెరికా చేప, మన దేశానికి 1928లో వచ్చింది. గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలనే కంటుంది కాబట్టి వేగంగా పెరుగుతుంది. దోమ పిల్లలను తినేమాట నిజమే. వాటితోపాటు కప్పపిల్లలను, ఇతర చేపల గుడ్లను కూడా తింటుంది, తనకంటే చిన్న చేపల తోకలు కొరుకుతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలు దీనిని హానికర జీవిగానే చూస్తున్నాయి.

పైగా ఊర చెరువులో కప్పలు, తూనీగ పిల్లలు, చిన్న చేపలు ఇప్పటికే దోమ పిల్లలను తింటున్నాయి. తలమీద వెండి చుక్క మెరుస్తూ నీటి పైపొరలోనే తిరిగే చిన్న చేపను మీరు చూసే ఉంటారు, ఆ పని దానికి బాగా తెలుసు. డెంగీ తెచ్చే దోమ చెరువులో పెరిగేది కాదు. కొబ్బరి చిప్పల్లో, పాత టైర్లలో, మూతలేని తొట్టెల్లో పెరుగుతుంది. కొబ్బరి ఒలిచిన చోట చిప్పలు బోర్లించే తీర్మానం చేయండి. ఏ కాలువకూ కలవని సిమెంటు తొట్టెలో గంబూసియాను ఉంచితే అభ్యంతరం లేదు, పొంగి పొర్లే నీటిలో మాత్రం వదలవద్దు.

ప్రశ్న: భీమవరంలో డిగ్రీ చదువుతున్నాను. వనామి రొయ్య కూడా విదేశీయే కదా? లక్షల మందికి బతుకుతెరువు కాబట్టి దానిని వదిలేసి, డబ్బు రాని దెయ్యం చేపను మాత్రం తిట్టడం న్యాయమా?

జవాబు: ప్రశ్నలోని పదును నాకు నచ్చింది. బయటినుంచి వచ్చిన ప్రతి జీవీ ఆక్రమణ జీవి కాదు. వచ్చి, తనంతట తాను పెరిగి, ఇక్కడి జీవుల తావును లాక్కునేదే ఆక్రమణ జీవి. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణ కూడా ఇదే తేడాను పాటించింది. అందులో చేర్చిన 62ఏ సెక్షను అటువంటి జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, పెంపకాన్ని నియంత్రించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది.

వనామిని 2009లో అనుమతించినప్పుడు, రోగరహితమైన తల్లి రొయ్యలనే తేవాలని, అవి చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం దాటాకే హేచరీకి వెళ్ళాలని షరతులు పెట్టారు. టైగర్ రొయ్యను దెబ్బతీసిన వైట్ స్పాట్ అనే తెగులు 1990లలోనే, అంటే వనామి రాకముందే మన చెరువుల్లో ఉన్నది. కాబట్టి ఆ నేరాన్ని వనామి మీద మోపలేము. కాని రోగం సోకిన చెరువు నీటిని క్లోరిన్ వేయకుండా క్రీకులోకి వదిలే రైతు, ఏ జాతిని పెంచినా, మడ అడవుల్లోని రొయ్యలకు హాని చేస్తున్నట్టే.

డబ్బు వచ్చినంత మాత్రాన వదిలేయలేదనడానికి ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఉదాహరణ. గిట్టుబాటు బాగా ఉన్నా, దాని పెంపకాన్ని 2000లోనే నిషేధించారు. అది మీటరు దాటి పెరిగి, అందిన చేపనల్లా మింగుతుంది. మన మార్పు చేప అని చెప్పి దానిని అమ్మేవారు ఉన్నారు, తల చూసి పోల్చుకోవచ్చు. మార్పు తల వెనుక ఎముక అంచు గుండ్రని వంపుగా ఉంటుంది, ఆఫ్రికన్‌కు అదే అంచు మూడు మొనలుగా చీలినట్టు ఉంటుంది. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా విషయంలో మాత్రం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. నోటిలోనే పిల్లలను సాకే ఆ చేప ఇప్పుడు ఏ మురుగు కాలువలో చూసినా ఉన్నది. ఇక మన జిల్లాల్లో విరివిగా పెంచుతున్న రూప్‌చంద్ చేప గట్టు దాటకుండా చూడవలసినదే అని నా అభిప్రాయం. దానికీ ఇల్లు దక్షిణ అమెరికాయే.

ప్రశ్న: అంతర్వేది తీరంలో ఉంటాము. తాబేళ్ళు గుడ్లు పెట్టిన రాత్రే ఊరకుక్కలు తవ్వి తినేస్తున్నాయి. కుక్కలకు విషం పెడితే తప్పా?

జవాబు: తప్పే, చట్టరీత్యా నేరం కూడా. విషం పెట్టిన మాంసం కుక్క దగ్గరే ఆగదు, నక్కలు, గద్దలు, కాకులు తింటాయి. నక్క కూడా గుడ్లు తింటుంది గాని అది ఈ తీరానికి పాతకాపు, కొద్దిగా తిని పోతుంది. మనం పడవేసే చేప వ్యర్థాల మీద మేపి పదుల సంఖ్యకు పెంచినవి కుక్కలు. అందుకే పని మొదలుపెట్టవలసినది చేపలు ఎండబెట్టే చోట. వ్యర్థాలను రోజుకు రోజు పూడిస్తే కుక్కలు తీరానికి రావడం తగ్గుతుంది. ఆపై 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వాటికి ఆపరేషన్లు చేయించమని పంచాయతీని పట్టుపట్టండి.

జనవరి నుంచి ఏప్రిల్ వరకు తాబేలు పాకిన జాడ కనబడితే వెంటనే అటవీ సిబ్బందికి చెప్పండి. గూటి మీద ఇనుప జాలీ బిగించడమో, గుడ్లను హేచరీకి మార్చడమో వాళ్ళు చేస్తారు. గుడ్లను మీ అంతట మీరు కదల్చకండి, పెట్టిన కొద్ది గంటల తరువాత గుడ్డు తిరగబడితే లోపలి పిండం చనిపోతుంది.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయురాలిని. మా బడిలో పిల్లలు పెంచుతున్న చిన్న తాబేలు ఇప్పుడు పళ్ళెమంత అయింది. గోదావరిలో వదిలిపెడదామని పిల్లలు సరదా పడుతున్నారు. వదలవచ్చా?

జవాబు: వదలవద్దు. కంటి వెనుక ఎర్రని చార ఉంటే అది అమెరికాలోని మిసిసిపీ ప్రాంతపు తాబేలు. ఎండ కాచుకునే దుంగలు, మేత, రెండూ మన తాబేళ్ళనుంచి లాక్కుంటుంది, రోగాలు కూడా అంటించగలదు. ఎర్రచార లేకుంటే అది మన దేశపు తాబేలు కావచ్చు, అప్పుడు బడిలో ఉంచుకోవడమే చట్టవిరుద్ధం. ఏదైనా సరే, మూతకు రంధ్రాలు చేసిన డబ్బాలో తడిగుడ్డ పరిచి, నీరు పోయకుండా దానిని పెట్టి, అటవీశాఖ కార్యాలయంలో అప్పగించండి. పిల్లలను కూడా వెంట తీసుకువెళ్ళండి.